ఓబులేసు పేరు ముందర డబ్బా: మన డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో ఎమోజీలు సరిగ్గా రావాలంటే

అనంతపురంలో మాకు తెలిసిన పెద్దాయన ఒకరికి చెనిక్కాయల మండీ ఉంది. ఆయన లెక్కల కోసం నేనో చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. లైనక్స్ మీద నడుస్తుంది, సోర్సు ఎవరైనా తీసుకునేలా పెట్టాను. మూడు సీజన్లు ఏ పేచీ లేకుండా నడిచింది. ఒకరోజు పొద్దున్నే ఫోన్: "ఏమప్పా, ఓబులేసు పేరు ముందర డబ్బా వస్తాంది. సేవ్ కొడితే ఎర్రగా ఏందో తిడతాంది."

వెళ్లి చూశాను. గుమాస్తా పిల్లోడు రైతుల పేర్లు టైపు చెయ్యడం మానేసి వాట్సాప్ వెబ్ నుంచి కాపీ చేసి అతికిస్తున్నాడు. ఆ పేరు పెద్దాయన ఫోన్లో "🙏 ఓబులేసు కూడేరు 🌾" అని ఉంది. "ఆ బొమ్మలు తీసేసి కొట్టండి సార్, సరిపోతుంది" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నాకు ఓబులేసులు ఆరుమంది ఉండారు. దండం బొమ్మ ఉంటే బాకీ తీర్చినోడు. అది తీసేస్తే నేనెట్ల గుర్తుపట్టేది?"

అంటే ఆయనకు ఆ బొమ్మ పేరులో భాగం. తీసెయ్యమనే హక్కు నాకు లేదు. అక్కడి నుంచి వారం రోజులు పట్టింది నాకు ప్రోగ్రాం బాగుచెయ్యడానికి. మీకు అంత టైం పట్టకూడదని ఇదంతా రాస్తున్నాను. ఆ వారంలో నాకు తెలిసొచ్చింది ఒకటే: ఎమోజీలది వేరే దారి కాదు, మన ఒత్తులు, గుణింతాలు నడిచే దారే. తెలుగు సరిగ్గా రాని ప్రోగ్రాంలో ఎమోజీ కూడా సరిగ్గా రాదు. తెలుగు వచ్చినా ఎమోజీ రాని చోటు మాత్రం ఒకటుంది, అది డేటాబేస్ దగ్గర చెప్తాను.

ఇంకొక మాట. కమాండ్లు, సెట్టింగుల పేర్లు ఇక్కడ పలికినట్టు రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

మొదటి అడుగు: ఎక్కడ తెగిందో కనిపెట్టడం

కోడు ముట్టుకోకముందే ఒక పరీక్ష వాక్యం తయారు చేసుకోండి. నాది ఇది:

లక్ష్మి సాఫ్ట్‌వేర్ ❤️ 🙏🏽 👨‍👩‍👧‍👦 🇮🇳 12450

ఇందులో ఏ ముక్కా ఊరికే పెట్టలేదు. లక్ష్మిలో ఒత్తు మీద ఒత్తు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ట్ తర్వాత కంటికి కనపడని విడదీసే గుర్తు ఉంది, యూనికోడ్ అనే అక్షరాల పట్టికలో దాని నంబరు యు+200సి. హృదయం గుర్తు వెనక "రంగులో చూపించు" అని చెప్పే యు+ఎఫ్‌ఈ0ఎఫ్ ఉంది. నమస్కారానికి చర్మం రంగు తగిలించి ఉంది. కుటుంబం బొమ్మలో నలుగురు మనుషులు, వాళ్ల మధ్య మూడు జోడించే గుర్తులు, యు+200డి. జెండాకు సొంత కోడు లేదు, ఐ, ఎన్ అనే రెండు ప్రత్యేక అక్షరాలు పక్కపక్కన వస్తే జెండా అవుతుంది. చివరి అంకెలు ఎందుకో ఫాంట్ల దగ్గర తెలుస్తుంది.

ఈ వాక్యాన్ని మీ ప్రోగ్రాంలో అతికించండి, సేవ్ చెయ్యండి, మూసి మళ్లీ తెరవండి, ప్రింట్ తీయండి. కనపడేదాన్ని బట్టి రోగం చెప్పొచ్చు. ఖాళీ డబ్బా వస్తే ఫాంటు లేదు. ప్రశ్నార్థకాలు వస్తే దారిలో ఎవరో ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, మార్చేశారు, అసలు అక్షరం పోయింది, ఇక తిరిగి రాదు. చర్మం రంగు తగిలించని ఉత్త 🙏కి కూడా రెండు డబ్బాలు వస్తే, యూటీఎఫ్-16 పద్ధతిలో దాన్ని రాసే రెండు ముక్కల జంటను ఎవరో విడగొట్టారు. కుటుంబం బదులు నలుగురు విడివిడిగా నిలబడితే ముక్కలను కలిపి గీసే పని (షేపింగ్, నాలుగో అడుగులో చెప్తాను) జరగడం లేదు, లేదా మధ్యలో గుర్తులను ఎవరో తుడిచేశారు. డబ్బాను, ప్రశ్నార్థకాన్ని ఒకటే అనుకుని నేను ఒక రోజంతా ఫాంట్లు మారుస్తూ కూర్చున్నాను. మీరు ఆ పని చెయ్యకండి.

రెండో అడుగు: దాచుకునే చోటు

ఓబులేసు పేరు సేవ్ కాకపోవడానికి తప్పు నాదే. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. టేబుల్ చేసేటప్పుడు అక్షరాల రకం దగ్గర యూటీఎఫ్8 అని పెట్టాను. పేరుకు యూటీఎఫ్8 అయినా అందులో ఒక అక్షరానికి మూడు బైట్లే చోటు. తెలుగు అక్షరాలన్నీ యు+0సి00 నుంచి 0సి7ఎఫ్ లోపల ఉంటాయి, ఒక్కోదానికి సరిగ్గా మూడు బైట్లు. అందుకే మూడేళ్లు నాకు ఏ అనుమానమూ రాలేదు. నమస్కారం ఎమోజీ యు+1ఎఫ్64ఎఫ్, దానికి నాలుగు బైట్లు కావాలి: ఎఫ్0, 9ఎఫ్, 99, 8ఎఫ్. ఎర్రగా తిట్టిన ఆ తిట్టులో ఈ నాలుగే ఉన్నాయి. తెలుగు పట్టించలేని తప్పును ఎమోజీ పట్టించే చోటు ఇదే.

మందు: యూటీఎఫ్8ఎంబీ4. ఇది 2010లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.5.3 నుంచి ఉంది, 8.0లో మామూలుగా అదే వస్తుంది. పాత టేబుళ్లు ఉంటే ముందు బ్యాకప్ తీసుకోండి, తర్వాత ఆల్టర్ టేబుల్, కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ వాడి మార్చండి. టేబుల్ మార్చి కనెక్షన్ మార్చకపోతే మళ్లీ ప్రశ్నార్థకాలే. ప్రోగ్రాం డేటాబేస్‌కు తగులుకునే లైన్లో కూడా అదే పేరు రాయాలి. పాత ఇన్‌స్టలేషన్లలో 255 అక్షరాల కాలమ్‌కు ఇండెక్స్ ఉంటే 767 బైట్ల హద్దు తగిలి మొరాయిస్తుంది. 191కి తగ్గిస్తే పోతుంది, నాలుగు 191లు 764 కాబట్టి. ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి లేదు. ఒక్క మనిషి, ఒక్క కంప్యూటర్ అయితే నేనిప్పుడు అదే పెడుతున్నాను.

ఫైళ్ల సంగతి చిన్నది. పైథాన్‌లో ఫైలు తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చేత్తో రాయండి, విండోస్ మీద నడిపేవాడు ఎవడో ఒకడు ఉంటాడు. ఎక్సెల్ కోసం సీఎస్‌వీ ఇస్తుంటే యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. ఆ మొదటి మూడు బైట్లు లేకపోతే ఎక్సెల్‌లో ఎమోజీతో పాటు తెలుగూ పిచ్చి రాతలుగా తెరుచుకోవచ్చు.

మూడో అడుగు: ఫాంటు

టెర్మినల్‌లో ఎఫ్‌సీ-మ్యాచ్ ఎమోజి అని కొట్టండి. నోటో కలర్ ఎమోజి అని జవాబు వస్తే ఫాంటు ఉన్నట్టు. డెజావూ లాంటి పేరేదో వస్తే లేదు. డెబియన్, ఉబుంటులో ఫాంట్స్-నోటో-కలర్-ఎమోజి అనే ప్యాకేజీ పెట్టి, ఎఫ్‌సీ-కాష్ -ఎఫ్ కొట్టి, ప్రోగ్రాం మూసి తెరవండి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి ప్రోగ్రాంతో కలిపి పంచినా తప్పు లేదు. కానీ నేను కలపను. ఏటా కొత్త ఎమోజీలు వస్తాయి, ఫాంటును అప్‌డేట్ చేసే పని డిస్ట్రిబ్యూషన్‌ది. మన ప్యాకేజీకి అది కావాలి అని రాసిపెడితే చాలు.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. ఫాంటు పెట్టినా హృదయం నల్లగానే వస్తోందని విసుగొచ్చి, ప్రోగ్రాం ఫాంట్ల జాబితాలో ఎమోజీ ఫాంటును అన్నిటికంటే ముందు పెట్టాను. హృదయం ఎర్రబడింది. మధ్యాహ్నం మండీ నుంచి మళ్లీ ఫోన్. స్క్రీన్ మీద 12450 కాస్తా "1 2 4 5 0" లాగా ఎడం ఎడంగా, పళ్లూడిన నోరులా కనిపిస్తోంది. కారణం ఏమిటంటే, ఎమోజీ ఫాంటులో అంకెలు కూడా ఉంటాయి. చదరపు డబ్బాలో 1, 2 అని వచ్చే కీక్యాప్ ఎమోజీలు చెయ్యడానికి అవి కావాలి. ఆ ఫాంటు ముందుంటే మామూలు అంకెలను కూడా అదే గీస్తుంది, ఎమోజీ వెడల్పుతో. లెక్కల ప్రోగ్రాంలో ఇంతకంటే ఘోరం ఉండదు. అందుకే పరీక్ష వాక్యం చివర అంకెలు.

కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు మామూలు అక్షరాల ఫాంటు, తర్వాత తెలుగు ఫాంటు, అన్నిటికీ చివర ఎమోజీ. తెలుగుకు నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి స్క్రీన్ మీద బాగుంటాయి. శ్రీకృష్ణదేవరాయ పేరుతో కూడా ఉచిత ఫాంటు ఉంది కానీ అది శీర్షికలకే అందం, బాకీల పట్టికలో కళ్లు లాగుతాయి. నల్ల హృదయాన్ని ఎర్రగా మార్చేది ఫాంట్ల వరుస కాదు, దాని వెనక ఉండాల్సిన యు+ఎఫ్‌ఈ0ఎఫ్. హృదయం గుర్తు యూనికోడ్‌లో ఎమోజీలు రాకముందు నుంచే ఉంది, అందుకే ఉత్తదిగా వస్తే దాన్ని చాలా ప్రోగ్రాంలు మామూలు అక్షరంలా నల్లగా చూపిస్తాయి. ఎఫ్‌ఈ0ఎఫ్ బదులు ఎఫ్‌ఈ0ఈ ఉంటే "నల్లగానే ఉంచు" అని అర్థం.

మరి నా దగ్గర ఆ గుర్తు ఎందుకు లేదు? నేనే తుడిచేశాను. అతికించిన పేర్లలో చెత్త ఉంటుందని, కనపడని అక్షరాలన్నీ తీసేసే ఒక లైను ఎప్పుడో రాసి మర్చిపోయాను. ఆ లైను హృదయం రంగు తీసేసింది, కుటుంబాన్ని విడగొట్టింది. అంతటితో ఆగలేదు. సాఫ్ట్‌వేర్‌లో విడదీసే గుర్తు కూడా పోయి, ట కింద వ ఒత్తు చేరి "సాఫ్ట్వేర్" అయింది. మీ కోడులోనూ ఇలాంటి శుభ్రం చేసే లైను ఉంటే వెతికి పట్టుకోండి. 200సి, 200డి, ఎఫ్‌ఈ0ఈ, ఎఫ్‌ఈ0ఎఫ్, ఈ నాలుగింటినీ తుడవకుండా ఉంచాలి.

నాలుగో అడుగు: గీసేది ఎవరు?

యూనికోడ్‌లో సొంత నంబరున్న ఒక్కో ముక్క ఒక కోడ్‌పాయింట్. ఆ కోడ్‌పాయింట్ల వరుసను బొమ్మగా మార్చే పనిని షేపింగ్ అంటారు. ఓపెన్ సోర్సులో ఈ పని దాదాపు ఎక్కడైనా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీదే. ప్రోగ్రాం కిటికీలు, బటన్లు చేసిపెట్టే లైబ్రరీల్లో జీటీకే (దాని తరఫున అక్షరాలు చూసుకునే పాంగో), క్యూటీ, ఇంకా లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ అన్నీ దాన్నే వాడతాయి. ష కింద ఒత్తు పెట్టేదీ, నలుగురు మనుషుల్ని ఒక కుటుంబంగా చేసేదీ అదే. కాబట్టి జీటీకే, క్యూటీ వాడుతుంటే ఈ అడుగులో మీకు పెద్దగా పని లేదు. వాక్యం మొత్తం ఒకేసారి ఇవ్వండి, అక్షరం అక్షరం లూపులో గియ్యకండి, అంతే.

పైథాన్‌తో పాటు వచ్చే టికింటర్ వాడేవాళ్లకు మాత్రం కష్టం. కాలేజీ ప్రాజెక్టుల్లో పిల్లలు ఎక్కువగా దాంతోనే మొదలుపెడతారు. లైనక్స్ మీద దాని వెనకున్న టీకే 8.6కు ఒత్తులు కలపడమే రాదు, పక్కన పడేస్తుంది. రంగు ఎమోజీ ఇస్తే ఏకంగా ప్రోగ్రామే కూలిపోయేది. దాని కింద ఉండే ఎక్స్‌ఎఫ్‌టీ లైబ్రరీ 2022లో వచ్చిన 2.3.5 నుంచి కూలడం ఆగింది, ఒత్తుల సంగతి మారలేదు. నన్నడిగితే దాన్ని బాగుచేసే ప్రయత్నం మానేసి జీటీకేకో క్యూటీకో మారడం మేలు. స్క్రీన్లు నాలుగైదు అయితే ఒక ఆదివారం పని.

పట్టికలో వరుస ఎత్తును ఇన్ని పిక్సెల్లు అని బిగించి ఉంటే అది తీసెయ్యండి. ఒత్తుల కాళ్లూ ఎమోజీ తలా ఒకేసారి తెగిపోతాయి.

ఐదో అడుగు: లెక్క, కత్తిరింపు, బ్యాక్‌స్పేస్

అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. పైథాన్‌లో లెన్ కొట్టి చూడండి. కుటుంబం ఎమోజీకి 7 వస్తుంది. "లక్ష్మి"కి కూడా 7 వస్తుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూటీఎఫ్-8 బైట్లలో కుటుంబం 25, లక్ష్మి 21. యూటీఎఫ్-16లో కుటుంబం 11, లక్ష్మి 7. క్యూటీ స్ట్రింగులు, జావాస్క్రిప్టు లెక్కపెట్టేది ఈ చివరి పద్ధతిలో. కంటికి కనపడేది మాత్రం కుటుంబం ఒకటి, లక్ష్మి రెండక్షరాలు.

రైతుకిచ్చే చీటీ మీద చోటు చాలదని నేను పేరులో మొదటి కొన్ని కోడ్‌పాయింట్లే తీసుకునేవాణ్ని. "లక్ష్మి"ని నాలుగు దగ్గర కోస్తే ఏమవుతుందో చూడండి: "లక్ష". డబ్బు లెక్కల చీటీ మీద, పేరు ఉండాల్సిన చోట, లక్ష! కుటుంబాన్ని మూడు దగ్గర కోస్తే నాన్న, జోడించే గుర్తు, అమ్మ మిగులుతారు. పిల్లలు పోయారు.

కోయాల్సింది గ్రాఫీమ్ క్లస్టర్ల హద్దు దగ్గర. మనిషి ఒక అక్షరం అనుకునే ముక్క అన్నమాట. దీని నియమాలను యూనికోడ్ వాళ్లు 29వ నంబరు అనుబంధంలో రాశారు. వాటిని మీరు రాసుకోవద్దు, ఉన్నవి వాడండి: పైథాన్‌లో రెజెక్స్ మాడ్యూల్‌లోని బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్, క్యూటీలో క్యూటెక్స్ట్‌బౌండరీఫైండర్, మిగతా చోట్ల ఐసీయూ అనే లైబ్రరీ. ఊరికే పేరు చివర చుక్కలు పెట్టి చూపించాలంటే అదీ అక్కర్లేదు, పాంగోకు ఎలిప్సైజ్ అని చెప్తే అదే చూసుకుంటుంది.

లైబ్రరీ వెర్షన్ మాత్రం చూడండి. కుటుంబాన్ని ఒక్కటిగా చూసే నియమం చాలాకాలంగా ఉంది. మన ఒత్తును ఒక్కటిగా చూసే నియమం 2023లో యూనికోడ్ 15.1తో గానీ రాలేదు. అంతకుముందు లెక్కలో లక్ష్మి నాలుగు ముక్కలు: ల, క్, ష్, మి. ఇప్పుడు రెండే. పాత లైబ్రరీ ఉంటే కుటుంబం బతుకుతుంది, లక్ష్మి తెగుతుంది. పరీక్షలో రెండూ ఉండాలనేది అందుకే. ఇవన్నీ చిన్న తప్పులు కదా అనుకునేవాళ్లకు ఒక జ్ఞాపకం: 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం, అందులో ఇరుక్కున్న ఆ కనపడని 200సి వల్ల, ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది. ఆ నెలలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది.

బ్యాక్‌స్పేస్ దగ్గర మాత్రం తెలుగు, ఎమోజీ దారులు విడిపోతాయి. "క్షి" అని కొట్టబోయి "క్షీ" కొట్టాను, బ్యాక్‌స్పేస్ నొక్కితే దీర్ఘం ఒక్కటే పోవాలి, మొత్తం అక్షరం పోతే మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవాలి. కుటుంబం దగ్గర అట్లా కాదు, ఒక్క నొక్కుకు మొత్తం పోవాలి. ఒక్కొక్క మనిషి మాయమవుతుంటే చూడ్డానికే బాగుండదు. పాంగో ఈ తేడాను గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి స్థానానికీ "ఇక్కడ బ్యాక్‌స్పేస్ ఒక్క అక్షరాన్నే తీస్తుంది" అనే గుర్తు, బ్యాక్‌స్పేస్ డిలీట్స్ క్యారెక్టర్ అనే పేరుతో ఉంటుంది. జీటీకే పెట్టెలు వాడితే మీకు ఇది ఊరికే వస్తుంది. సొంతంగా ఎడిటర్ గీస్తున్న ప్రాజెక్టులో అయితే ఈ నియమం పెట్టుకోండి: క్లస్టర్ ఎమోజీతోనో జెండా అక్షరంతోనో మొదలైతే మొత్తం తీసెయ్, లేకపోతే చివరి కోడ్‌పాయింట్ ఒక్కటే. ఏది ఎమోజీ అని తేల్చడానికి మీరు జాబితా రాసుకోకండి, ఏడాదికల్లా పాతబడుతుంది. ఎక్స్‌టెండెడ్ పిక్టోగ్రాఫిక్ అనే యూనికోడ్ లక్షణం అందుకే ఉంది.

ఆరో అడుగు: కొట్టే తీరు

సొంత ఎమోజీ పట్టిక తయారు చెయ్యాలనే ఉబలాటం వస్తుంది. వద్దు. జీటీకే పెట్టెల్లో కంట్రోల్, చుక్క నొక్కితే పట్టిక తెరుచుకుంటుంది. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో 5.18 నుంచి మెటా (విండోస్ గుర్తున్న బటన్), చుక్క. విండోస్‌లోనూ విండోస్ బటన్, చుక్కే. మీరు చెయ్యాల్సిందల్లా కంట్రోల్, చుక్కను మీ ప్రోగ్రాంలో వేరే పనికి వాడకపోవడం. జీటీకే పెట్టెల్లో కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి 1ఎఫ్64ఎఫ్ కొట్టి ఎంటర్ ఇచ్చినా నమస్కారం వస్తుంది, పరీక్షలప్పుడు పనికొస్తుంది.

బస్తాలు, రేటు, ఫోన్ నంబరు పెట్టెల్లో ఎమోజీ పనేమీ లేదు. జీటీకేలో అక్కడ నో ఎమోజి అనే ఇన్‌పుట్ హింట్ పెట్టండి. అతికిస్తే అది ఆపదు, అంకెలేనా అని మీరు ఎలాగూ చూసుకోవాలి.

వెతకడానికి ఇంకో చిన్న పని. గుమాస్తా "ఓబులేసు" అని మాత్రమే కొట్టి వెతుకుతాడు, పేరు దండంతో మొదలవుతుంది. మొదటి అక్షరాలతో పోల్చే వెతుకులాటకు దొరకదు. ఎమోజీలు తీసేసిన పేరును వెతకడానికని పక్క కాలమ్‌లో వేరుగా దాచండి. అసలు పేరు జోలికి పోవద్దు.

ఏడో అడుగు: చీటీ

రైతు చేతికి ఇచ్చే చీటీ చిన్న థర్మల్ ప్రింటర్ నుంచి వస్తుంది. ఈ ప్రింటర్లకు తమ లోపలున్న కొద్దిపాటి అక్షరాలు తప్ప ఏమీ రావు. నేరుగా పంపితే తెలుగూ రాదు, ఎమోజీ రాదు. చీటీ మొత్తాన్ని పాంగో, బొమ్మలు గీసే కైరో లైబ్రరీలతో బొమ్మగా గీసి, ఆ బొమ్మను పంపాలి. 58 మిల్లీమీటర్ల కాగితం అయితే అచ్చు పడే వెడల్పు సాధారణంగా 384 చుక్కలు, ఆ కొలతకే గియ్యండి.

గీశాను, పంపాను. తెలుగు ముత్యాల్లా వచ్చింది. నమస్కారం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ, కాఫీ ఒలికినట్టు. రంగు బొమ్మను నలుపు తెలుపులోకి కుదిస్తే అంతే అవుతుంది. దీనికి నోటో ఎమోజి అని, పేరులో కలర్ లేని ఇంకో ఫాంటు ఉంది. గీతలతో గీసిన ఎమోజీలు అందులో ఉంటాయి. చీటీ గీసేటప్పుడు మాత్రం ఎమోజీ ఫాంటుగా దాన్ని ఇవ్వండి, ఇక్కడా జాబితాలో చివరనే. నమస్కారం చేతులు స్పష్టంగా పడ్డాయి. చర్మం రంగు తేడా కాగితం మీద తెలియదు. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని చీటీ చూసి, "చేతులు రోంత పెద్దవి చెయ్యప్పా" అన్నాడు. పేరు లైనుకు రెండు పాయింట్లు పెంచాను.

ఎనిమిదో అడుగు: తప్పు మీది కాకపోతే

అన్నీ చేసినా ఒక్కోసారి లోపం మీరు వాడే లైబ్రరీలోనే ఉంటుంది. దాన్ని మీ కోడులో అతుకులేసి దాచకండి, దాని ప్రాజెక్టుకు రిపోర్టు రాయండి. "తెలుగు సరిగ్గా రావడం లేదు" అని రాస్తే చదివే మనిషికి ఏం చూడాలో తెలియదు, ఆయనకు మన అక్షరాలు రావు. కోడ్‌పాయింట్లు వరుసగా అంకెల్లో రాయండి, ఎలా రావాలి, ఎలా వస్తోంది అని రెండు స్క్రీన్‌షాట్లు పెట్టండి, లైబ్రరీ వెర్షన్, ఫాంటు పేరు, ఎఫ్‌సీ-మ్యాచ్ ఇచ్చిన జవాబు జతచెయ్యండి. అదే తప్పు ఎమోజీతోనూ జరుగుతుంటే ఆ ఉదాహరణను పైన పెట్టి, తెలుగును దాని కింద పెట్టండి. కుటుంబం ఎమోజీ విరిగిందంటే ఏ దేశంలో ఉన్న ప్రోగ్రామరైనా తన కంప్యూటర్లో చూసుకోగలడు. దాన్ని సరిచేసే ప్యాచ్ వచ్చాక లక్ష్మితో పరీక్షించి, ఇంకా తెగుతుంటే అదే రిపోర్టు కింద మళ్లీ రాయండి.